కొండ మీద మంచు పడితే పందెం ఆపాలా?



రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బుల గురించి రాసే ఈ పెద్దమనిషి సైకిల్ పందేల జోలికి ఎందుకు వెళ్ళాడని మీలో కొందరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. ఇటలీ దేశంలో 'జిరో డి ఇటాలియా' అనే సుప్రసిద్ధమైన సైకిల్ పోటీ ఏటా మే నెలలో మూడు వారాల పాటు జరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం చెప్పుకునే రోజులకు, ఆ పోటీ ఆల్ప్స్ పర్వతాలలోని ఎత్తైన కనుమలకు చేరుతుంది. ఇక్కడ మనం వడదెబ్బ గురించి హెచ్చరించుకుంటూ ఉండగా, అక్కడ మంచు కురిసి పోటీదారులు చలికి కొయ్యబారిపోతుంటారు. అటువంటి రోజున నిర్వాహకులు దారి మార్చడమో, దూరం తగ్గించడమో, పోటీని పూర్తిగా రద్దు చేయడమో చేస్తారు. అప్పుడు ప్రతిసారీ ఒక వాదన లేస్తుంది. "పూర్వపు వీరులు మంచులోనే తొక్కారు కదా, ఈ కాలపు వారు ఇంత సుకుమారులా?" అన్నదే ఆ వాదన.

ఉద్యోగ విరమణ తరువాత వేసవి మధ్యాహ్నాలలో టెలివిజన్ ముందు కూర్చుని ఈ పోటీలు చూడడం నాకు అలవాటైంది. నాకు సైకిల్ పందేల మెళకువలు అంతగా తెలియవు. చలికి శరీరం ఏమవుతుందో మాత్రం తెలుసు. ఈ వాదనకు వైద్యశాస్త్రం ఇచ్చే సమాధానం క్రీడాభిమానులకే కాక, వానలో బండి నడిపేవారికీ, హిమాలయ యాత్రలకు బయలుదేరే మన పెద్దలకూ పనికివస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

వీరగాథల వెనుక ఏమున్నది?

పాతవారు తరచుగా ఉదహరించే సంఘటనలు రెండు.

మొదటిది 1956 జూన్ 8 నాటిది. ఇటలీలో మోంటే బొండోనె అనే కొండ మీదికి సాగిన పోటీలో మంచు తుఫాను విరుచుకుపడింది. లక్సెంబర్గ్‌కు చెందిన షార్లీ గాల్ అనే యువకుడు మొత్తం పోటీలో 16 నిమిషాలకు పైగా వెనుకబడి ఉండి, ఆ ఒక్కరోజుతో అగ్రస్థానానికి చేరాడు. చివరికి ఆ ఏటి విజేత కూడా అతనే. అయితే గమ్యం చేరాక అతడు తన కాళ్ళ మీద నిలబడలేకపోయాడు. అతడిని మోసుకొనిపోయి వేడినీటిలో ఉంచవలసి వచ్చింది. ఆ రోజు నలభై మందికి పైగా పోటీదారులు మధ్యలోనే విరమించుకున్నారు. అప్పటివరకు అందరికంటే ముందున్న పాస్క్వాలె ఫొర్నారా కూడా వారిలో ఒకడు.

రెండవది 1988 జూన్ 5 నాటిది. 2,600 మీటర్లకు పైగా ఎత్తున్న గావియా కనుమ మీద మంచు కురుస్తున్నా నిర్వాహకులు పోటీ జరిపించారు. ఆ రోజు హాలండ్‌కు చెందిన ఎరిక్ బ్రూకింక్ గెలిచాడు. ఏడు సెకన్ల తేడాతో రెండవ స్థానంలో వచ్చిన అమెరికన్ ఆండీ హ్యాంప్‌స్టెన్ అగ్రస్థానాన్ని సూచించే గులాబీ జెర్సీ ధరించి, చివరికి ఆ పోటీ గెలిచిన తొలి అమెరికన్ అయ్యాడు. అతడి జట్టువారు పోటీకి ముందే మంచు క్రీడల దుకాణానికి వెళ్ళి మందపాటి చేతి తొడుగులు, ఉన్ని దుస్తులు కొని సిద్ధంగా ఉంచారు. నా దృష్టిలో ఆనాటి విజయానికి సగం కారణం ఆ దుకాణమే.

కనుమ శిఖరాన్ని అందరికంటే ముందు దాటినవాడు మాత్రం వేరొకడు. యోహాన్ వాన్ డెర్ వెల్డె అనే మరో హాలండ్ క్రీడాకారుడు పొట్టి చేతుల చొక్కాతోనే శిఖరం చేరాడు. అవతలి వైపు దిగడం మొదలుపెట్టాక కొద్ది దూరం కూడా పోలేక ఒక వాహనంలో తలదాచుకున్నాడు. తిరిగి తేరుకుని గమ్యం చేరేసరికి దాదాపు 47 నిమిషాలు ఆలస్యమైంది. ఎక్కేటప్పుడు అందరికంటే బలవంతుడైనవాడు దిగేటప్పుడు ఎందుకు కుప్పకూలాడు? ఈ ప్రశ్నకు సమాధానం శరీరధర్మశాస్త్రంలో ఉన్నది.

ఎక్కేటప్పుడు పొయ్యి, దిగేటప్పుడు గాలి

మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగింట ఒక వంతు, లేదా అంతకంటే తక్కువ మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడిగా వెలువడుతుంది. ఒక వృత్తి క్రీడాకారుడు కొండ ఎక్కుతూ పెడలు మీద 300 వాట్ల శక్తి చూపుతున్నాడంటే, అతడి శరీరంలో దాదాపు 1,000 వాట్ల వేడి పుడుతున్నదన్నమాట. మన ఇళ్ళలో బకెట్ నీళ్ళు కాచే రాడ్డు ఇచ్చే వేడి అంత. వేగం తక్కువ కాబట్టి గాలి తాకిడి కూడా తక్కువ. అందుచేత మంచులో కూడా అతడికి చెమట పడుతుంది, లోపలి దుస్తులు తడుస్తాయి.

శిఖరం దాటగానే అంతా తారుమారవుతుంది. పెడలు తొక్కవలసిన అవసరం ఉండదు కాబట్టి వేడి పుట్టదు. వేగం మాత్రం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. వాతావరణ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలే అయినా, ఆ వేగంతో ఎదురయ్యే గాలికి చర్మం అనుభవించే చలి సుమారు మైనస్ 9 డిగ్రీలకు సమానం. ఇది పొడి చర్మానికి వేసిన లెక్క. తడి దుస్తులు ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. ఎందుకంటే నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. పైగా ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. 500 మీటర్ల ఎత్తున్న లోయలో 12 డిగ్రీల ఆహ్లాదకరమైన వాతావరణం ఉంటే, 2,700 మీటర్ల కనుమ మీద మైనస్ 2 ఉండవచ్చు. లోయలో నిలబడి ఆకాశం వైపు చూసి "ఈ మాత్రానికే ఆపేస్తారా?" అని అడిగేవారు ఈ లెక్కను మరచిపోతారు.

దీనికి తోడు ఆ క్రీడాకారుల శరీరాలలో కొవ్వు చాలా తక్కువ. గంటల తరబడి తొక్కి తొక్కి కండరాలలోని పిండిపదార్థపు నిల్వలు కూడా అడుగంటి ఉంటాయి. వణకడానికి కూడా ఇంధనం కావాలి కదా!

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దానిని హైపోథెర్మియా అంటాము. 35 నుండి 32 వరకు వణుకు, మాట తడబడడం, వేళ్ళు మొద్దుబారడం కనిపిస్తాయి. 32 కంటే తగ్గాక వణుకు క్రమంగా ఆగిపోతుంది, మగత, తికమక మొదలవుతాయి. 28 కంటే దిగితే గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉంటుంది. సైకిల్ పోటీలో వాన్ డెర్ వెల్డె స్థితికి రాకముందే మరొక అపాయం ఉన్నది. మొద్దుబారిన వేళ్ళు బ్రేకు పట్టలేవు. ఒకవైపు లోయ, మరొకవైపు బండరాయి ఉన్న ఇరుకు మలుపులలో, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు పట్టలేకపోవడమంటే ఏమిటో ఘాట్ రోడ్లు ఎరిగినవారికి నేను చెప్పనక్కరలేదు.

వణకనివాడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు

విశాఖ మన్యంలో పనిచేసిన రోజులలో, ఒక నవంబరు తుఫాను రాత్రి మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు యువకులను తీసుకొనివచ్చారు. ఘాట్ రోడ్డు మీద మూడు గంటలు మోటారు సైకిల్ మీద తడిసి వచ్చినవారు. వెనుక కూర్చున్నవాడు పళ్ళు టకటకలాడుతూ గజగజ వణుకుతున్నాడు. "సారూ, ముందు ఈడిని చూడండి, సచ్చిపోయేలా ఉన్నాడు" అని వెంట వచ్చినవారు అతడినే ముందుకు తోశారు. బండి నడిపినవాడు గోడకు ఆనుకుని నిశ్శబ్దంగా కూర్చున్నాడు. "నాకేం లేదండీ, బాగానే ఉంది" అన్నాడు, కాని ఆ నాలుగు మాటలు పలకడానికి అతడికి చాలా సేపు పట్టింది. చొక్కా బొత్తాము విప్పమంటే వేళ్ళు దాని మీద తడుముకుంటూ ఉండిపోయాయి. థర్మామీటరు పాదరసం అడుగునుండి కదలనే లేదు. మేము ముందుగా వైద్యం మొదలుపెట్టింది అతడికి. తడి బట్టలు తీసివేసి, పొడి కంబళ్ళు చుట్టి, చంకల వద్ద గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసాలు పెట్టి, గంటన్నర తరువాత అతడికి వణుకు మొదలైతే అందరమూ సంతోషించాము. మరునాటి ఉదయానికి ఇద్దరూ కోలుకున్నారు.

ఈ సంఘటన చెప్పడానికి కారణం ఒక్కటే. చలి మొదట వేళ్ళను, ఆ తరువాత వివేకాన్ని దెబ్బతీస్తుంది. బాగా చల్లబడిన మనిషి "నేను బాగానే ఉన్నాను" అని నిజాయితీగానే చెబుతాడు, కాని ఆ మాటను నమ్మరాదు. ఆగాలా, సాగాలా అన్న నిర్ణయాన్ని కొండ మీద, చలిలో, పోటీ ఆవేశంలో ఉన్న మనిషికి వదిలివేయకూడదని నేను అనడానికి ఆధారం ఇదే.

నియమాలు ఎలా వచ్చాయి?

పందెం మార్చడం ఈనాటి అలవాటు కాదు. 1996 జూలై 8న టూర్ డి ఫ్రాన్స్‌లో ఇజెరాన్, గలీబియే కనుమలను తప్పించి, ఆ రోజు దూరాన్ని కేవలం 46 కిలోమీటర్లకు కుదించారు. 2013 మే 24న జిరోలో గావియా, స్టెల్వియో కనుమలు దాటవలసిన రోజును మంచు కారణంగా పూర్తిగా రద్దు చేశారు.

మరుసటి ఏడాది, 2014 మే 27న, అదే దారిలో మంచులోనే పోటీ జరిపారు. అప్పుడు వచ్చిన చిక్కు మంచువల్ల కాదు, మాటవల్ల. 2,758 మీటర్ల స్టెల్వియో నుండి దిగే దారిలో నిర్వాహకుల మోటారు సైకిళ్ళు ఎర్ర జెండాలతో ముందు నడుస్తాయని ఒక ప్రకటన వెలువడింది. దిగుడు దారిలో పోటీ లేదని కొన్ని జట్లు అర్థం చేసుకుని నెమ్మదించాయి, కొందరు వేగంగా సాగిపోయారు. ఆ రోజు నైరో కింటానా గెలిచి గులాబీ జెర్సీ సాధించాడు. అంతవరకు దానిని ధరించిన రిగొబెర్టో ఉరాన్ నాలుగు నిమిషాలకు పైగా వెనుకబడ్డాడు. అన్యాయం జరిగిందన్న వివాదం చాలాకాలం నడిచింది. ఆపరేషన్ గదిలో అస్పష్టంగా చెప్పిన ఆదేశం ఎంత ప్రమాదకరమో మా వృత్తిలోని వారందరికీ తెలుసు. అక్కడా అదే జరిగింది.

ఇటువంటి అనుభవాల తరువాత అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య విపరీత వాతావరణానికి సంబంధించిన నియమావళిని రూపొందించింది. అది 2016 నుండి అమలులో ఉన్నది. గడ్డకట్టే వాన, రోడ్డు మీద పేరుకున్న మంచు, బలమైన గాలులు, విపరీతమైన ఉష్ణోగ్రతలు, దారి కనిపించకపోవడం, వాయు కాలుష్యం అనే పరిస్థితులు ముందుగా కనిపిస్తే నిర్వాహకులు, క్రీడాకారుల ప్రతినిధులు, జట్ల ప్రతినిధులు, న్యాయనిర్ణేతల అధ్యక్షుడు, పోటీ వైద్యుడు కలిసి కూర్చోవాలి. బయలుదేరే చోటు మార్చడం, సమయం మార్చడం, గమ్యం మార్చడం, దారి మళ్ళించడం, కొంత భాగంలో పోటీని నిలిపివేయడం, మొత్తం రద్దు చేయడం అనే మార్గాలలో ఒకటి ఎంచుకోవాలి. ఆ బల్ల చుట్టూ వైద్యుడికి కూడా ఒక కుర్చీ వేసినందుకు నాకు సంతోషంగా ఉన్నది.

నిర్ణయాన్ని ఎప్పుడూ ముందే తీసుకోవడం సాధ్యం కాదు. 2019 జూలై 26న టూర్ డి ఫ్రాన్స్‌లో 2,764 మీటర్ల ఇజెరాన్ శిఖరాన్ని దాటి పోటీదారులు దిగుతుండగా, ముందున్న లోయలో వడగళ్ళ వాన కురిసి, కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. పోటీని అక్కడికక్కడే ఆపి, శిఖరం దాటిన సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ రోజుకు విజేత లేడు. శిఖరాన్ని ముందుగా దాటిన కొలంబియా యువకుడు ఎగాన్ బెర్నాల్ పసుపు జెర్సీ అందుకుని, రెండు రోజుల తరువాత పారిస్‌లో టూర్ విజేతగా నిలిచాడు. మరునాటి 130 కిలోమీటర్ల పోటీ కూడా బురద మేటల వల్ల 59 కిలోమీటర్లకు తగ్గింది. రోడ్డే లేనప్పుడు వీరత్వానికి చోటెక్కడ?

విమర్శలో న్యాయం లేదా?

ఉన్నది. 2023లో జిరో పోటీదారులు స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్ మోంటానాకు చేరవలసిన రోజును సుమారు 75 కిలోమీటర్లకు కుదించారు. తీరా చూస్తే వాతావరణం భయపడినంత తీవ్రంగా లేదని అభిమానులు మండిపడ్డారు. మబ్బులను చూసి తీసుకునే నిర్ణయంలో ఇటువంటిది తప్పదు. రోగి కడుపునొప్పితో వస్తే అపెండిక్స్ అనుమానంతో శస్త్రచికిత్స చేస్తాము. కొన్నిసార్లు అపెండిక్స్ బాగానే ఉంటుంది. అనుమానించకుండా ఊరుకుంటే జరిగే నష్టంతో పోలిస్తే ఇది చిన్న మూల్యం.

మార్పు కూడా ఒక్కొక్కసారి కొత్త ప్రమాదాన్ని తెస్తుంది. 2016 జూలై 14న గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలుల వల్ల మోఁ వాంతూ కొండ శిఖరానికి ఆరు కిలోమీటర్ల దిగువనే గమ్యాన్ని ఏర్పాటు చేశారు. శిఖరం వరకు విస్తరించవలసిన జనమంతా కింది భాగంలో కిక్కిరిసిపోయారు. దారి మూసుకుపోయి మోటారు సైకిల్ ఆగిపోగా, పోటీదారులు దానిని గుద్దుకున్నారు. అగ్రస్థానంలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ సైకిల్ విరిగి, కొండ మీదికి పరుగెత్తవలసి వచ్చింది. మందుకు దుష్ఫలితాలు ఉన్నట్లే జాగ్రత్తకు కూడా ఉంటాయి. అందుకని మందు మానము, దుష్ఫలితాన్ని ముందుగా ఊహించి ఏర్పాటు చేసుకుంటాము.

అదే కొండ మీద 1967 జూలై 13న టామ్ సింప్సన్ అనే 29 ఏళ్ళ బ్రిటిష్ క్రీడాకారుడు మండుటెండలో కుప్పకూలి మరణించాడు. అతడి శరీరంలో యాంఫెటమైన్ అనే ఉత్ప్రేరకం, మద్యం ఆనవాళ్ళు కనిపించాయి. అలసట అనే హెచ్చరిక గంటను మందుతో నొక్కివేసి, ఎండలో కొండ ఎక్కించిన ఫలితం అది. విపరీత వాతావరణమంటే మంచు ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి.

మన యాత్రల సంగతి

1996 జూలైలో ఫ్రాన్స్‌లో ఆరోగ్యవంతులైన యువ క్రీడాకారుల కోసం మంచు కనుమలను తప్పించి, దూరాన్ని 46 కిలోమీటర్లకు కుదించారని పైన చెప్పాను. సరిగ్గా మరుసటి నెలలో, 1996 ఆగస్టులో, మన అమర్‌నాథ్ యాత్ర మంచు తుఫానులో చిక్కుకుని 200 మందికి పైగా యాత్రికులు మరణించారు. వారిలో అనేకులు చలికి, అలసటకు బలైపోయారు. ఆ గుహ ఉన్నది 3,888 మీటర్ల ఎత్తున. ఇజెరాన్ కనుమ కంటే కిలోమీటరుకు పైగా ఎత్తు. ఎక్కినవారిలో వృద్ధులు, పలుచని నూలు బట్టలు కట్టుకున్నవారు ఎందరో. ఆ విషాదం తరువాత నితీశ్ సేన్‌గుప్తా కమిటీ సిఫారసులు వచ్చాయి, యాత్రికుల సంఖ్య మీద నియంత్రణ వచ్చింది. ఇప్పుడు ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే నమోదు చేయరు.

అటువంటి ధ్రువపత్రం కోసం ఒకసారి నా దగ్గరకు 66 ఏళ్ళ విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు వచ్చారు. రక్తపోటు అదుపులో ఉన్నది, ఈసీజీ బాగున్నది. మాటల మధ్యలో అడిగాను: "మాస్టారూ, అంత దూరం వెళ్ళాక వాతావరణం బాగాలేదని దారి మూసేస్తే వెనక్కి వచ్చేస్తారా?" ఆయన నవ్వి, "అంత దూరం వెళ్ళి దర్శనం కాకుండా వస్తామా డాక్టరు గారూ? ఆయన పిలిచాడు కాబట్టే వెళుతున్నాం, ఆయనే చూసుకుంటాడు" అన్నారు. ఆయన భక్తిని నేను గౌరవిస్తాను. కాని ఏ రక్తపోటు అంకె కూడా నన్ను ఆ జవాబు భయపెట్టినంతగా భయపెట్టలేదు. ధ్రువపత్రంలో గుండె, ఊపిరితిత్తుల గడులు ఉంటాయి. వెనుదిరిగే మనసు ఉన్నదా అనే గడి ఉండదు. ఆ రోజు సంతకానికి ముందు అరగంట సేపు ఈ విషయమే మాట్లాడుకున్నాము. దారి మూసేస్తే గుడారంలోనే ఉంటానని ఆయన తన భార్య ఎదుట మాట ఇచ్చాకే కాగితం తీసుకున్నారు.

గుర్తుంచుకోవలసినవి

ఆల్ప్స్‌లో అయినా, హిమాలయాలలో అయినా, మన మారేడుమిల్లి ఘాట్‌లో అయినా శరీర ధర్మం ఒక్కటే. కాబట్టి ఈ విషయాలు దయచేసి గుర్తుంచుకోండి.

1. వెనుదిరిగే నిర్ణయాన్ని బయలుదేరే ముందే తీసుకోండి. "మధ్యాహ్నం లోపల చేరకపోతే తిరిగి వస్తాము", "వాన మొదలైతే ఆగిపోతాము" అని ఇంట్లోనే అనుకోండి. అధికారులు దారి మూస్తే వాదించకండి.

2. ఒక జత పొడి బట్టలు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు పాలిథిన్ సంచిలో మూటకట్టి దగ్గర ఉంచుకోండి. ఎక్కి ఆగిన వెంటనే, చలి వేయకముందే, తడి బట్టలు మార్చుకోండి. తడిసిన నూలు బట్టల కంటే ఉన్ని మేలు.

3. ఏమీ లేనప్పుడు వార్తాపత్రికను మడిచి చొక్కా లోపల, ఛాతీ మీద పెట్టుకోండి. దిగుడు దారిలో ఎదురుగాలి తగలకుండా సైకిల్ పోటీదారులు తరతరాలుగా వాడుతున్న ఉపాయమిది.

4. ఖాళీ కడుపుతో చలిలోకి వెళ్ళకండి. ఉపవాస దీక్షలో ఉన్న యాత్రికులు ఇది ప్రత్యేకంగా గమనించాలి. మధుమేహానికి మందులు వాడేవారు, థైరాయిడ్ లోపం ఉన్నవారు, రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వేసుకునేవారు ముందుగా తమ వైద్యుడిని సంప్రదించాలి.

5. తోటివారిని గమనించండి. మాట ముద్దగా రావడం, నడక తూలడం, వస్తువులు చేజారడం, అకారణంగా మౌనంగా ఉండడం ప్రమాద సూచనలు. వణుకు ఆగిపోయి మనిషి నీరసించిపోతే అది తేరుకున్నట్లు కాదు.

6. చల్లబడిన మనిషిని గాలి తగలని చోటికి చేర్చి, పడుకోబెట్టి, తడి బట్టలు తీసి కంబళి చుట్టండి. స్పృహ ఉండి మింగగలిగితే వేడి, తీపి పానీయం ఇవ్వండి. వెచ్చని సీసాలను గుడ్డలో చుట్టి ఛాతీకి, చంకలకు ఆనించండి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకండి, నడిపించకండి, మరుగుతున్న నీళ్ళలో ముంచకండి. మద్యం అసలే వద్దు. అది చర్మానికి రక్తాన్ని తెచ్చి వెచ్చదనం వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది, లోపలి వేడిని మాత్రం బయటికి పంపిస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి.

2024 మే 21న లివీన్యో పట్టణంలో జిరో పోటీదారులు మంచులో కనుమ దాటడానికి ఒప్పుకోలేదు. కార్లలో కొండ దిగి, లాసా అనే ఊరి నుండి తొక్కారు. దూరం 118 కిలోమీటర్లకు తగ్గింది. ఆ సాయంత్రం గెలిచినవాడు తడేయ్ పొగాచర్. దూరం తగ్గినంత మాత్రాన బలహీనుడేమీ గెలవలేదు, బలవంతుడే గెలిచాడు. పోటీదారులు మరునాడు మళ్ళీ పందెంలో నిలిచారు. కొండలు ఎక్కడికీ పోవు. వచ్చే ఏడు మళ్ళీ ఎక్కవచ్చు, అందుకు మనిషి మిగిలి ఉంటే చాలు.

మీ పెద్దలెవరైనా ఈ వేసవిలో కొండ యాత్రకు సిద్ధమవుతుంటే, సామాను సర్దేటప్పుడు ఈ వ్యాసం వారికి ఒకసారి చదివి వినిపించండి. సందేహాలుంటే రాయండి, తెలిసినంతవరకు సమాధానం ఇస్తాను. సెలవు.